చేయి దాటిన బంతి

నేను ఒక బేస్‌బాల్ బంతిని. ఇప్పుడు నన్ను చూస్తే ఆ మాట నమ్మరు. ఊలు ఉండ అనుకుంటారు, లేదా దర్జీలు సూదులు గుచ్చుకునే దిండు అనుకుంటారు. అదీ తప్పు కాదు. ఈ పూట కూడా నా ఒంట్లో గుండుసూదులు ఉన్నాయి. నొప్పి ఉందా అని అడగకండి. కర్రతో కొట్టించుకోవడానికే నన్ను తయారుచేశారు. నొప్పి పుట్టే భాగమేదీ నాలో పెట్టలేదు.

నేను పుట్టింది మీరట్‌లో. మధ్యలో బెండు, దాని మీద రబ్బరు, ఆ పైన బిగించి చుట్టిన ఊలుదారం. ఆ ఉండను ఒక ఇరుకు సందులోని ఇంటికి పంపారు. అక్కడ ఒకామె రెండు తెల్లతోలు ముక్కలు నా మీద కప్పి, మోకాళ్ల మధ్య నన్ను నొక్కిపట్టి, ఎర్రదారంతో కుట్టింది. కుడుతున్నంతసేపూ పక్కింటామెతో తన పన్నునొప్పి గురించే చెప్పుకుంది. ఆఖరి ముడి వేసి, దారాన్ని పంటితో కొరకబోయి, నొప్పి గుర్తొచ్చి కత్తెర అడిగింది. పూర్తయిన నన్ను చూసి ఆమె మురిసిపోయిందని చెబితే బాగుంటుంది. ఆమె నా వైపు చూడలేదు. బుట్టలో పడేసి ఇంకో ఉండ అందుకుంది.

డబ్బాలో ఎక్కడెక్కడో తిరిగి, నిజామాబాద్ జిల్లాలో పసుపు పండే ఒక పెద్ద ఊరి ఉన్నత పాఠశాలకు చేరాను. నాతోపాటు నాలాంటి బంతులు కొన్ని, రెండు కర్రలు, చేతికి తొడుక్కునే తోలు తొడుగులు, ఒక చిన్న నియమాల పుస్తకం. హెడ్మాస్టరు డబ్బా తెరిచి, "క్రికెట్ సామాన్ అడిగితే గిదేంది పంపిండ్రు?" అని మూసేశాడు. ఆ తర్వాత చాలాకాలం బీరువాలో, చాక్‌పీసుల పక్కన, చీకట్లో ఉన్నాం. చీకటి నాకు ఇబ్బందిగా అనిపించలేదు. వెలుతురు కూడా అంతే.

బీరువా తెరిపించింది విఠల్ సారు. బదిలీ మీద వచ్చిన డ్రిల్లు సారు. బేస్‌బాల్ ఆటను ఆయన ఎన్నడూ చూడలేదు. అయితే ఆయనకో లెక్క ఉంది. కబడ్డీలో, ఖోఖోలో ప్రతి ఊరికీ జట్టుంది. ఈ ఆటలో దాదాపు ఎవరికీ లేదు. కాబట్టి మన ఆడపిల్లలు కొంచెం ఆడినా పైకి పోతారు. ఒక చేత్తో పుస్తకం, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని, తను నేర్చుకుంటూనే పిల్లలకు నేర్పాడు. మైదానం నడుమ మగపిల్లల క్రికెట్. మూల మిగిలిన జాగాలో సిమెంటు సంచుల్లో వరిపొట్టు నింపి నాలుగు చోట్ల పెట్టించాడు. వాటిని బేసులు అంటారు. బంతిని కొట్టినవాళ్లు ఆ నాలుగూ చుట్టి మొదలుపెట్టిన చోటికే రావాలి. వస్తే ఒక పరుగు. ఇంత దూరం పరిగెత్తి బయలుదేరిన చోటికే రావడానికి మనుషులు చప్పట్లు కొట్టుకుంటారు. నాకు అర్థం కాకపోయినా అడ్డం పడలేదు.

ఆ జట్టులో జమున అనే పిల్ల ఉండేది. అప్పుడు ఎనిమిదో తరగతి. మాట తక్కువ. తరగతిలో హాజరు పలికితే పక్కపిల్లకు కూడా వినపడదని అనేవారు. రెండో బేసు దగ్గర నిలబడేది. ఎటు నుంచి ఎంత వేగంగా వచ్చినా నన్ను పట్టేది. పట్టాక ఒక క్షణం రెండు చేతులతో పొట్టకు అదుముకునేది. మిగతా పిల్లల చేతుల్లో చెమట ఉండేది. ఈమె చేతుల్లో సుద్దముక్క వాసన, నూలు వాసన. ఎందుకంటే వాళ్ల నాన్న దర్జీ.

దర్జీ లింబాద్రి దుకాణం మైదానం గోడకు ఎదురుగా, రోడ్డు అవతల ఉంది. స్కూలు యూనిఫారాలు ఆయనే కుడతాడు. గంటలోపల ఇస్తానన్న లాగును నాలుగో రోజు ఇస్తాడు. ఆ ఆలస్యానికి కారణం వరండాలో ఉండే చదరంగం. పక్కనే బ్యాటరీలు చార్జింగ్ పెట్టే జబ్బార్ భాయ్ దుకాణం. ఆయన బ్యాటరీలు వాటంతటవే నిండుతాయి కాబట్టి ఆయనకు పని లేదు. లింబాద్రికి పని ఉన్నా లేనట్టే. సాయంత్రం బడి విడిచాక విఠల్ సారు కూడా వచ్చి స్టూలు లాక్కుని కూర్చునేవాడు. ఇంకొందరు నిలబడి చూసేవాళ్లు. చూసేవాళ్లకే ఎత్తులు ఎక్కువ తెలుస్తాయి.

ఒకరోజు ఎవరో నన్ను గట్టిగా కొడితే గోడ దాటి, రోడ్డు దాటి, వరండాలో చదరంగం బల్ల మీద పడ్డాను. జబ్బార్ భాయ్ మంత్రి ఎగిరి రోడ్డు పక్క మోరీ నీళ్లలో పడింది. జమున నన్ను తీసుకుపోవడానికి పరిగెత్తుకొచ్చింది.

"ఎవడు కొట్టిండు? సక్కగ నా మంత్రినే కొట్టిండు!" అని జబ్బార్ భాయ్ లేచాడు. "లింబాద్రీ, నీ బిడ్డకు జెప్పి కొట్టిచ్చినవా ఏంది? ఓడిపోతున్నవని?"

"గదే మంత్రి నా ఏనుగు కింద ఉండె భాయ్. నేనే కొడ్తుంటి. బంతికి తొందరెక్కువైంది, గంతే," అన్నాడు లింబాద్రి.

ఆ దెబ్బకు నా కుట్లు విడిపోయాయి. లింబాద్రి నన్ను తిప్పి చూసి, నోట్లో సూది పెట్టుకుని, విడిపోయిన చోట యూనిఫారం కుట్టే నీలం దారంతో కుట్టేశాడు. మీరట్ ఆమె కుట్టు కంటే ఆయన కుట్టే నున్నగా ఉంది. కానీ నీలిరంగు కుట్లున్న బంతి పోటీకి పనికిరాదని విఠల్ సారు అన్నాడు. అట్లా నేను ఆటలోంచి బయటికొచ్చి వరండాలో ఉండిపోయాను. మొదట్లో లారీలు పోతుంటే లేచిపోయే చదరంగం గుడ్డ మీద బరువుగా పెట్టారు.

తర్వాత నాకు ఇంకో పని దొరికింది. లింబాద్రికీ జబ్బార్ భాయ్‌కీ రోజూ ఒకటే తగాదా. ఎత్తు వేసి, చేయి తీసి, అయ్యో అని మళ్లీ చేయి పెట్టేవారు.

"ఇగో, చెయ్యి తీసినవ్."

"తియ్యలే. వేలు ఇంక గుర్రం మీదనే ఉండె."

"వేలు కాదు, నీ వేలు నీడ ఉండె!"

వినీ వినీ విఠల్ సారు విసుగెత్తి నన్ను తీసి లింబాద్రి చేతిలో పెట్టాడు. "ఎత్తు ఎవరిదో బంతి వాళ్ల చేతుల ఉంటది. బంతి చేతుల ఉన్నంతసేపు ఎన్నిసార్లైనా మార్చుకోండ్రి. అయిపోయింది అనుకుంటే బంతి అవతలోనికి ఇయ్యుండ్రి. బంతి చెయ్యి దాటినంక ఎత్తు ఎన్కకు రాదు."

ఆ రోజు నుంచి వరండాలో అదే చట్టం. ఎత్తు వేయడం, నన్ను రెండు చేతులతో ఎదుటివాడి ముందుకు చాపడం, అతను అందుకోవడం. ఎదుటివాడి మొహంలోకి చూసి ఇవ్వాలి. బల్ల మీద దొర్లిస్తే చెల్లదు. చేతికి ఇవ్వడమే మర్యాదట.

కానీ మనుషులు చట్టం చేసుకున్న మర్నాడే దానికొక కిటికీ పెట్టుకుంటారు. బంతి చేయి దాటాక కూడా ఎత్తు వెనక్కి కావాలంటే ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి అన్నారు. చెబితే బంతి మళ్లీ చేతికి వస్తుంది. మొదట క్రికెట్ ప్రశ్నలు. జబ్బార్ భాయ్‌కి క్రికెట్‌లో తెలియనిది లేదు. ఏ ఎత్తైనా వెనక్కి తెచ్చుకునేవాడు. ఇది న్యాయం కాదని లింబాద్రి అలిగాడు. అప్పుడు విఠల్ సారు జేబులోంచి బేస్‌బాల్ నియమాల పుస్తకం తీశాడు. "దీన్ల అయితే అందరం ఒక్కటే. ఎవ్వలకు ఏం తెల్వదు."

అట్లా, పసుపు ఉడికే వాసన వచ్చే ఒక రోడ్డు పక్క వరండాలో, ఎన్నడూ బేస్‌బాల్ ఆట చూడని పెద్దమనుషులు చదరంగం ఆడుతూ బేస్‌బాల్ గురించి వాదించుకోవడం మొదలైంది.

"చెప్పు లింబాద్రీ, బంతికి కుట్లు ఎన్ని?" అని సారు అడిగేవాడు.

"నూటెనిమిది."

"అంబులెన్స్ నంబరు గదా అది!" అని జబ్బార్ భాయ్. "తగిలినోనికి ఫోన్ చేసేతందుకు యాదికుంటదని పెట్టిన్రేమో."

"నువ్వు చెప్పు భాయ్. బేసుకు బేసుకు నడుమ దూరం?"

"తొంభై అడుగులు. నా దుకాణం నుంచి కల్లు దుకాణం దాక."

"నీకెట్ల తెలుసు?"

"నాకు తెల్వది. లింబాద్రి కొలిసిండు."

"దొంగతనం చేస్తే చప్పట్లు కొట్టే ఆట ఏది?"

"పంచాయితీ ఎలక్షన్."

"సరిగ చెప్పు."

"బేస్‌బాలే సార్. బేసును దొంగలిస్తరట. లింబాద్రి నా లాగు గుడ్డల అర మీటరు దొంగలించినట్టు."

"ఆట సమానమైతే డ్రా ఉంటదా?"

"చెస్‌ల ఉంటది. దీన్ల ఉండది. తేలేదాక ఆడుడే. ఇండ్లల్ల ఆడోళ్లు ఎట్ల ఊకుంటరో ఏమో!"

ఒక ప్రశ్న దగ్గర మాత్రం జబ్బార్ భాయ్ ఎప్పుడూ తప్పేవాడు. "బంతి ఎప్పుడు సస్తది?" అని సారు అడిగితే, ఊరి చెరువు వైపు చేయి చూపి "చెర్ల పడితే" అనేవాడు. అందరూ నవ్వేవారు. సారు ఓపిగ్గా చెప్పేవాడు. "ఆట నడుస్తున్నంతసేపు బంతి బతికే ఉంటది భాయ్. ఎవరి చేతులున్నా సరే, బేసు మీదోళ్లు ఉరకొచ్చు. బంతి పట్టుకున్నోళ్లు 'టైం' అని అడగాలె. అంపైర్ చెయ్యి లేపి 'టైం' అంటెనే బంతి సచ్చినట్టు." మర్నాడు అడిగితే జబ్బార్ భాయ్ మళ్లీ "చెర్ల పడితే" అనేవాడు. ఆయనకు ఆ జవాబే నచ్చింది. దానికోసం రెండు గుర్రాలు, ఒక ఏనుగు పోగొట్టుకున్నాడు.

జమున బడి నుంచి వచ్చాక దుకాణం లోపల కింద కూర్చుని గుండీలు, హుక్కులు కుట్టేది. బయటి మాటలన్నీ వినేది. ఎవరైనా ఒకరు రాని రోజు, "రా బేటీ, నువ్వు కూసో" అని జబ్బార్ భాయ్ పిలిచేవాడు. వచ్చి కూర్చునేది. తొందరపడకుండా ఆడేది. ఎత్తు వేసి, నన్ను పొట్టకు ఒక్క క్షణం అదుముకుని, రెండు చేతులతో ముందుకు చాపేది. మనుషుల మొహంలోకి చూడలేని పిల్ల, నన్ను ఇచ్చేటప్పుడు మాత్రం సూటిగా చూసేది. నోటితో చెప్పాల్సిన అవసరం లేకుండా 'నా పని అయిపోయింది, ఇక నీది' అని చెప్పే పద్ధతి అది. ఆమెకు సరిపోయింది. రెండేళ్లు అట్లా నన్ను చాపింది. ఆ చేతులకు అది ఊపిరి పీల్చడంలా అయిపోయిందని నేను అనుకోలేదు. నేను ఏదీ అనుకోను.

జమున పదో తరగతికి వచ్చింది. లింబాద్రి ఆ ఏడు ఒక మాట అన్నాడు. "పది అయినంక ఇగ మిషిన్ మీద కూసో బిడ్డ. కాలేజీ అంటే పట్నం దాక పోవాలె. పొద్దున బస్సు లేదు, రాత్రి బస్సు లేదు. నాకు కండ్లు ఆనుతలేవు. నీ చెయ్యి మంచిగుంది." కోపంగా అనలేదు. ఆమె మంచి చేయి గలదని మెచ్చుకుంటున్నట్టే అన్నాడు.

విఠల్ సారు ఇంకో మాట అన్నాడు. ఈ ఏడు జోన్ పోటీ మన మైదానంలోనే. గెలిచిన జట్టులోంచే జిల్లా జట్టుకు పిల్లల్ని తీసుకుంటారు. జిల్లా తరఫున ఆడినవాళ్లకు క్రీడా పాఠశాలలో సీటు వస్తుంది. అక్కడే హాస్టలు, అక్కడే ఇంటర్. "గెలిస్తే జమున పేరు ముందు రాపిస్త లింబాద్రీ. అప్పుడైతే పంపుతవా?"

లింబాద్రి చేతిలో నేనున్నాను. ఆయన ఎత్తు గురించి ఆలోచిస్తున్నట్టు చాలాసేపు బల్లనే చూశాడు. "గెలిస్తే పంపుత," అన్నాడు. లోపల హుక్కు కుడుతున్న సూది ఆగింది. తర్వాత మళ్లీ కదిలింది.

ఆ వారం ఆయన జట్టుకంతా చొక్కాలు కుట్టాడు. జీవితంలో మొదటిసారి చెప్పిన రోజుకు ఇచ్చాడు.

పోటీ రోజు చదరంగం వరండాలోంచి మైదానం గోడ మీదికి మారింది. గోడ వెడల్పుగా ఉంటుంది. దాని మీద గుడ్డ పరిచి, ఇటొకరు అటొకరు స్టూళ్లు వేసుకుని, ఒక కన్ను ఆట మీద, ఒక కన్ను గుర్రాల మీద పెట్టారు. నేను లింబాద్రి చేతిలో ఉన్నాను. మధ్యాహ్నం నుంచీ ఆయన ఎత్తు వేయలేదు. జబ్బార్ భాయ్ కూడా గుర్తుచేయలేదు.

ఫైనల్ ఆఖరి ఇన్నింగ్స్. రెండు జట్లూ సమానం. పక్క మండలం పిల్లలు కొడుతున్నారు. జమున వాళ్లు కాస్తున్నారు. ఇద్దరు ఔట్. ఇంకొకర్ని ఔట్ చేస్తే ఇంకో ఇన్నింగ్స్. అవతలివాళ్లకు ఒక్క పరుగు వస్తే ఆట వాళ్లది. వాళ్ల పిల్ల ఒకతి మూడో బేసు మీద ఉంది, ఇంకొకతి మొదటి బేసు మీద.

అప్పుడు ఒక దెబ్బకు బంతి హద్దు బయటికి ఎగిరి పసుపు చేలో పడింది. చేను నడుము ఎత్తు, కింద తడి. పిల్లలు వెతికారు. దొరకలేదు. రెండో బంతి పొద్దుననే పగిలింది. మూడోది లేదు. అంపైరు వేరే ఊరి డ్రిల్లు సారు. పొద్దు వాలుతోందని చేతి గడియారం చూసుకున్నాడు.

"సార్, గది ఉంది గదా!" అని జబ్బార్ భాయ్ అరిచాడు. నన్ను చూపించాడు.

విఠల్ సారు నా నీలం కుట్లు చూసి ఆగాడు. అంపైరు నన్ను అరచేతిలో ఎగరేసి చూసి, "బరువు మంచిగనే ఉంది. రెండు టీములకు ఓకేనా?" అన్నాడు. ఇద్దరూ సరే అన్నారు. లింబాద్రి నన్ను ఇస్తూ, "నా ఎత్తు ఇంక కాలే. అయినంక తెచ్చియ్యుండ్రి," అన్నాడు. అందరూ కొంచెం నవ్వారు. చాలాకాలం తర్వాత నేను ఆటలోకి పోయాను. సంతోషమా అంటే చెప్పలేను. గాలి తగిలింది.

మొదటి బంతి విసిరారు. కొట్టే పిల్ల కొట్టలేదు. మొదటి బేసు మీది పిల్ల దెబ్బ కోసం చూడకుండానే రెండో బేసు దొంగిలించడానికి పరుగు తీసింది. కొట్టే పిల్ల వెనక కాసే మన జట్టు పిల్ల నన్ను రెండో బేసుకు విసిరింది. జమున పట్టింది. వంగి, జారుకుంటూ వచ్చిన ఆ పిల్ల కాలికి నన్ను తాకించింది. వెంట్రుకవాసి ఆలస్యం. అంపైరు రెండు చేతులూ అడ్డంగా చాపాడు. ఔట్ కాదు.

దుమ్ము లేచింది. మూడో బేసు మీది పిల్ల కదలలేదు. జమున చేతిలో నేను ఉన్నంతవరకు ఆమె కదలలేదు.

జమున లేచి నిలబడింది. నన్ను పొట్టకు అదుముకుంది. తన వంతు అయిపోయింది. పట్టింది, తాకించింది, తీర్పు వచ్చింది. ఆమె వేళ్ల కింద నీలం దారం కుట్లున్నాయి, రెండేళ్లుగా తెలిసిన కుట్లు. ఎదురుగా ఆ పక్క మండలం పిల్ల లేచి మోకాలి దుమ్ము దులుపుకుంటోంది. జమున ఆమె మొహంలోకి సూటిగా చూసి, నన్ను రెండు చేతులతో ముందుకు చాపింది.

ఆ పిల్ల ఉలిక్కిపడి చేతులు వీపు వెనక్కి పెట్టుకుంది. అందుకుంటారన్న నమ్మకంతో జమున అప్పటికే వేళ్లు వదిలేసింది.

నేను కింద పడ్డాను. పెద్ద చప్పుడేం కాలేదు.

"బంతి! జమునా, బంతి!" అని విఠల్ సారు గొంతు. అప్పటికే మూడో బేసు పిల్ల కర్రతో కొట్టే చోటి వైపు పరిగెత్తింది. జమున నా వైపు కాక తన ఖాళీ చేతుల వైపు చూసుకుంటోంది. ఆ పిల్ల చివరి సంచి తొక్కింది. అవతలివాళ్లు ఎగిరారు. ఆట అయిపోయింది.

గోడ దగ్గర జబ్బార్ భాయ్, లింబాద్రి నిలబడి ఉన్నారు. ఏం జరిగిందో మైదానంలో చాలామందికి అర్థం కాలేదు. బంతిని శత్రువుకు ఎందుకిచ్చింది ఈ పిల్ల అని గుసగుసలాడారు. ఆ ఇద్దరికీ అర్థమైంది. లింబాద్రి చేయి చదరంగం గుడ్డ మీద పడి బంట్లు కొన్ని గోడ అవతలికి రాలాయి. ఆయన ఏరుకోలేదు.

జట్టు పిల్లలు ఏడ్చారు. జమున ఏడవలేదు. నన్ను తీసుకుని నడుచుకుంటూ రోడ్డు దాటి వచ్చి దుకాణంలో కూర్చుంది. విఠల్ సారు వెనకే వచ్చాడు. జిల్లావాళ్లను అడిగి చూస్తానన్నాడు. అడిగాడు కూడా. గెలిచిన జట్టులోంచే అన్నారు. ఆ సంగతి చెప్పడానికి వచ్చి, చెప్పకుండా చొక్కాకు గుండీ వేయించుకుని వెళ్లిపోయాడు. లింబాద్రికి ఎట్లాగూ తెలిసింది.

ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. ఏదైనా అని ఉంటే తిరిగి ఒక మాట వచ్చేదేమో. ఇంట్లో అన్నం పెడితే తినేది. పిలిస్తే పలికేది. పరీక్షలు రాసింది, పాసైంది. మార్కులు చెబితే "ఆ" అంది. మొదట్లో ఆమె అట్లా ఉండటం నాకు వింతగా తోచలేదు. నేనూ అట్లాగే ఉంటాను కదా. కానీ మనిషిని ఊలుతో చుట్టరు.

వేసవిలో ఆమె మిషన్ ఎక్కింది. మొదటిరోజు మిషన్ కాలు ఊగుతోంది. జమున నన్ను ఒళ్లో పెట్టుకుని, బ్లేడుతో కుట్లు కోసింది. ముందు నీలం దారం, తర్వాత మీరట్ ఆమె ఎర్రదారం. నా తోలు రెండు ముక్కలుగా విడిపోయింది. ఒక ముక్కను మడిచి మిషన్ కాలి కింద పెట్టింది. ఊగడం ఆగింది. రెండో ముక్క మీద సుద్దముక్కలు పెట్టుకుంది. మిగిలిన ఊలు ఉండను, అంటే నన్ను, మిషన్ పక్కన పెట్టి ఒక గుండుసూది గుచ్చింది. తర్వాత ఇంకొకటి. కోపంతో కాదు. సూదులు పెట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా.

వరండాలో చదరంగం కొన్నాళ్లు ఆగింది. మనుషులు దుఃఖాన్ని ఎంతకాలం ఆపగలరో తెలియదు కానీ చదరంగాన్ని మాత్రం ఎక్కువకాలం ఆపలేరు. జబ్బార్ భాయ్ ఒకరోజు స్టూలు లాక్కున్నాడు. నా బదులు దారం అయిపోయిన కండె ఒకటి చేతులు మారేది. ప్రశ్నలు మానేశారు. బేస్‌బాల్ మాట ఎవరూ ఎత్తలేదు. కండె చేయి దాటితే అంతే, ఓడినవాళ్లు ఓడినట్టే. నవ్వులు లేవు. విఠల్ సారు వచ్చినా పక్కకు కూర్చుని పేపరు చూసేవాడు.

బడులు మళ్లీ తెరిచే ముందు, యూనిఫారాలు కుప్పలు పడ్డ ఒక సాయంత్రం లింబాద్రి తన మంత్రిని తీసి, చూసుకోకుండా జబ్బార్ భాయ్ గుర్రం ముందు పెట్టాడు. కండె ఇచ్చేశాడు. ఇచ్చాక చూశాడు. "అరెరె," అన్నాడు. జబ్బార్ భాయ్ గుర్రం మీద చేయి వేసి, వేసిన చేయిని అక్కడే ఉంచాడు. కొట్టాలని లేదు, కొట్టకపోతే అవమానం.

లోపల మిషన్ చప్పుడు ఆగింది.

"బాపూ," అంది జమున. అంత గట్టిగా ఆమె మాట్లాడటం నేను వినలేదు. "ప్రశ్న అడుగుతా. చెప్తే ఎన్కకు తీస్కో."

విఠల్ సారు పేపరు దించాడు.

"బంతి ఎప్పుడు సస్తది?"

లింబాద్రికి ఆ జవాబు తెలుసు. వరండాలో అందరికీ తెలుసు. ఆయన బల్ల మీది మంత్రిని చూశాడు. "తెల్వది బిడ్డ," అన్నాడు. "పోతే పోనీ మంత్రి."

"టైం అడగాలె," అన్నాడు జబ్బార్ భాయ్.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన గుర్రం మీంచి చేయి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బల్లనే చూస్తూ అన్నాడు. "బంతి చేతుల పట్టుకోని, అంపైర్ దిక్కు చూసి, టైం అని అడగాలె. ఆయన చెయ్యి లేపితె సస్తది. అప్పుడు ఎవరికిచ్చినా ఏం గాదు. మేం నీకు ఇచ్చుడు నేర్పినం బేటీ. అడుగుడు నేర్పలే."

జమున తల వంచుకుని ఉంది. ఆమె చేయి నా మీద ఉంది.

"చాచా, నువ్వు జెప్తే చెల్లదు," అంది. "నువ్వు అవతలోనివి."

"ఎందుకు చెల్లది? చెర్ల పడితే అని చెప్పి ఎన్ని ఏనుగులు పోగొట్టుకున్న. ఒక్కసారి సరిగ చెప్పిన. ఎవరికి చెల్లుతదో నాకు తెల్వది, చెల్లాలె." ముక్కు చీదుకుని, "సార్, మీరే చెప్పుండ్రి," అన్నాడు.

విఠల్ సారు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "చెల్లుతది," అన్నాడు.

జమున నా ఒంట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసింది. తీసినవాటిని సుద్దముక్కల పక్కన తోలు మీద పెట్టింది. లేచి, గడప దాటి వరండాలోకి వచ్చింది. నన్ను ఒక క్షణం పొట్టకు అదుముకుంది. తర్వాత రెండు చేతులతో తండ్రి ముందుకు చాపి, ఆయన మొహంలోకి చూసింది. ఆయన చేతులు పట్టుకున్నదాకా వేళ్లు వదల్లేదు.

"ఎన్కకు తీస్కో బాపూ," అంది. లోపలికి పోయి మిషన్ మీద కూర్చుంది. మిషన్ మళ్లీ మొదలైంది.

లింబాద్రి మంత్రిని వెనక్కి తీసుకున్నాడు. ఒక సూదిని ఆమె మర్చిపోయింది. అది నా లోపల ఊలులో ఉండి, మొన మాత్రం బయటికి ఉంది. ఆయన నన్ను బిగించి పట్టుకున్నప్పుడు అరచేతిలో దిగే ఉంటుంది. ఆయన చేయి మార్చుకోలేదు. వేరే ఎత్తు వేశాడు. దానికి ఆలోచించాల్సిందేమీ లేదు.

మిషన్ చప్పుడు వస్తున్న గడప వైపు చూస్తూ, నన్ను జబ్బార్ భాయ్ చేతికి ఇవ్వడానికి మాత్రం చాలాసేపు తీసుకున్నాడు.